ఆర్డర్లు స్టోర్‌లో ఒక లెక్క, జీఏ4లో ఇంకో లెక్క: పర్చేజ్ ఈవెంట్ ఎక్కడ తప్పుతోంది?

#1 అంకెలగోల

సెటప్ ఇదీ: వూకామర్స్ (వర్డ్‌ప్రెస్‌లో దుకాణం నడిపే ప్లగిన్) స్టోర్, గూగుల్ ట్యాగ్ మేనేజర్ (జీటీఎం, సైట్‌లో ట్రాకింగ్ కోడ్‌లను నడిపే సాధనం) ద్వారా జీఏ4 (గూగుల్ అనలిటిక్స్ 4). కస్టమర్ చెక్‌అవుట్ నుంచి బయటి పేమెంట్ గేట్‌వే పేజీకి వెళ్తాడు, డబ్బు కట్టాక మళ్లీ స్టోర్ థ్యాంక్యూ పేజీకి వస్తాడు. ఆ పేజీలో డేటాలేయర్‌లోకి (జీటీఎం చదువుకునే డేటా జాబితా) పర్చేజ్ ఈవెంట్, అంటే కొనుగోలు జరిగిందన్న కబురు, పుష్ అవుతుంది, జీటీఎం దాన్ని పంపుతుంది.

తేడాలు మూడు రకాలు. కొన్ని ఆర్డర్లు జీఏ4లో అసలు లేవు. కొన్ని రోజుల్లో మాత్రం స్టోర్‌లో ఉన్నవాటికన్నా జీఏ4లోనే ఎక్కువ కొనుగోళ్లు. పైగా కొన్ని కొనుగోళ్లకు ఆదాయం సున్నా. ఇవి చాలవన్నట్టు, ట్రాఫిక్ సోర్స్‌లో గేట్‌వే డొమైన్ పేరు పైవరుసలో కూర్చుంది.

జీటీఎం ప్రివ్యూ మోడ్ (పరీక్షించే తీరు) పెట్టి టెస్ట్ ఆర్డర్ వేస్తే ప్రతిసారీ ట్యాగ్ (ఈవెంట్ పంపే కోడ్) చక్కగా ఫైర్ అవుతోంది. వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి?

#2 ట్యాగుతీగ

మొత్తాలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఏమీ తేలదండీ. పోయినవీ, రెండుసార్లు పడినవీ ఒకదాన్నొకటి కప్పేస్తాయి. పది ఆర్డర్లు పోయి ఎనిమిది డబుల్ పడితే రిపోర్టులో తేడా రెండే కనిపిస్తుంది, "పర్వాలేదులే" అనిపిస్తుంది. ఆర్డర్ నంబర్ పట్టుకుని ఒక్కొక్కటీ సరిచూడాలి.

ఎలాగంటే: కనీసం రెండు రోజులు పాతదైన ఒక వారం తీసుకోండి. జీఏ4 డేటా పూర్తిగా ప్రాసెస్ అవడానికి 24 నుంచి 48 గంటలు పడుతుంది, నిన్నటి అంకెలతో కుస్తీ దండగ. స్టోర్ టైమ్‌జోన్, జీఏ4 ప్రాపర్టీ టైమ్‌జోన్ ఒకటేనా చూడండి. వేరైతే అర్ధరాత్రికి అటూ ఇటూ ఉన్న ఆర్డర్లు పక్క తేదీలో పడతాయి. ఎక్స్‌ప్లోర్‌లో ఫ్రీ ఫామ్ తెరిచి వరుసల్లో ట్రాన్సాక్షన్ ఐడీ, విలువల్లో ఈకామర్స్ పర్చేజెస్, పర్చేజ్ రెవెన్యూ పెట్టండి. మొదట 10 వరుసలే చూపిస్తుంది, 500కి పెంచండి. ఆర్డర్లు అంతకు మించితే వారం బదులు ఒక్కో రోజు తీయండి.

పైన డేటా క్వాలిటీ గుర్తు నొక్కితే థ్రెషోల్డింగ్ వర్తించిందని వస్తే కొన్ని వరుసలు దాచేశారని అర్థం. అడ్మిన్‌లో రిపోర్టింగ్ ఐడెంటిటీని (యూజర్లను గుర్తుపట్టే పద్ధతి) డివైస్ బేస్డ్‌కి మార్చి చూడండి. ఇది చూపించే తీరును మాత్రమే మారుస్తుంది, సేకరణను ముట్టుకోదు, ఎప్పుడైనా వెనక్కి మార్చుకోవచ్చు.

స్టోర్ నుంచి అదే వారం ఆర్డర్ల ఎగుమతి తీసి, ఒకే షీట్‌లో నంబర్లు జత కలపండి. స్టోర్ వైపు నుంచి పేమెంట్ పద్ధతి, ఆర్డర్ స్థితి, మొత్తం, ఫోనా కంప్యూటరా అన్న కాలమ్‌లు తప్పనిసరిగా ఉండాలి. జతపడనివాటిని ఆ కాలమ్‌ల వారీగా సార్ట్ చేస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

#3 కుకీడబ్బా

పై పద్ధతికి ఒక చేర్పు. జత కలిపేముందు స్టోర్ జాబితాలోంచి టెస్ట్ ఆర్డర్లు, అడ్మిన్ చేత్తో ఎక్కించిన ఆర్డర్లు, ఫోన్‌లో తీసుకున్నవి, సబ్‌స్క్రిప్షన్ రెన్యువల్స్ తీసేయండి. అవి బ్రౌజర్‌ని తాకనే తాకవు, కాబట్టి జీఏ4లో లేకపోవడమే సరైనది. రెన్యువల్స్ కలిపేసి "ట్రాకింగ్ పాడైపోయింది" అని గగ్గోలు పెట్టే పోస్టులు ఇక్కడే బోలెడున్నాయి.

#4 అంకెలగోల

చేశాను. తేలినవి:

లేనివాటిలో ఎక్కువ భాగం ఫోన్‌లో వాలెట్ యాప్‌తో కట్టినవి. కార్డ్ ఆర్డర్లు కూడా కొన్ని పోయాయి, వాటికి పద్ధతంటూ కనబడలేదు.

డబుల్ పడినవి చూస్తే ఒకే ఆర్డర్ "1047" అని ఒకసారి, "#1047" అని ఒకసారి ఉంది.

ఆదాయం సున్నా ఉన్నవన్నీ 1000 దాటిన ఆర్డర్లు. 999 వరకు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇదేం చిత్రం?

#5 రాత్రిడెవలపర్

చివరిది కామా సమస్య. 1000 దాటగానే మీ కోడ్ వాల్యూను "1,250.00" అని పంపుతోంది. అది మనిషికి అంకె, జీఏ4కి అక్షరాల ముక్క. 999 దాకా కామా రాదు కాబట్టి బండి నడిచింది.

కళ్లారా చూడాలంటే: థ్యాంక్యూ పేజీలో డెవలపర్ టూల్స్ నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి "కలెక్ట్" అని ఫిల్టర్ చేయండి. ఆ రిక్వెస్ట్ పేలోడ్‌లో ఈఎన్ అంటే ఈవెంట్ పేరు. పారామీటర్లు రెండు రకాల ముందక్షరాలతో వస్తాయి: ఈపీ అంటే టెక్స్ట్, ఈపీఎన్ అంటే సంఖ్య. ట్రాన్సాక్షన్ ఐడీ ఈపీ కింద ఉండటం సబబే. వాల్యూ మాత్రం ఈపీఎన్ కిందే ఉండాలి. ఈపీ కింద కనబడిందంటే ఆదాయం గల్లంతు. కరెన్సీ "సీయూ" అనే పేరుతో విడిగా వెళ్తుంది. మూడక్షరాల ఐఎస్ఓ కోడే ఉండాలి, గుర్తు కాదు. వాల్యూ ఉండి కరెన్సీ లేకపోయినా ఆదాయం లెక్కలోకి రాదు. ఐటెమ్‌లు పీఆర్1, పీఆర్2 అని వరుసగా ఉంటాయి, ఒక్కోదాంట్లో ఐడీ, పేరు, ధర, సంఖ్య మధ్యలో టిల్డే గుర్తుతో.

మందు కూడా చిన్నదే. టెంప్లేట్‌లో ధరను చూపించడానికి వాడే ఫార్మాటింగ్ ఫంక్షన్ ఫలితాన్ని డేటాలేయర్‌లోకి తోయకండి. ఆర్డర్ ఆబ్జెక్ట్ నుంచి ముడి మొత్తం తీసుకుని ఫ్లోట్‌గా మార్చి, కొటేషన్ గుర్తులు లేకుండా పంపండి. ఐటెమ్ ధరలకీ ఇదే. జీటీఎంలో వేరియబుల్ పెట్టి కామాలు ఏరేసే చిట్కా కొందరు చెబుతారు; దశాంశానికే కామా వాడే స్టోర్‌లో అది 12,50ని 1250 చేస్తుంది. మూలంలోనే సరిచేయడం మేలు.

#6 కుకీడబ్బా

డబుల్‌కి కారణం దాదాపు ఖాయం: రెండు చోట్ల నుంచి పర్చేజ్ వెళ్తోంది. ఒకటి మీ జీటీఎం, రెండోది ఏదో ప్లగిన్ తనంతట తాను పెట్టిన గూగుల్ ట్యాగ్. ఒకే యూజర్ నుంచి ఒకే ట్రాన్సాక్షన్ ఐడీ మళ్లీ వస్తే జీఏ4 రెండోదాన్ని వదిలేస్తుంది. మీ విషయంలో ఒకటి అంకె, ఇంకొకటి ముందు హాష్ గుర్తున్న అంకె. జీఏ4 దృష్టిలో అవి రెండు వేర్వేరు ఆర్డర్లు.

పేజీ సోర్స్‌లో మీ మెజర్‌మెంట్ ఐడీ (జీఏ4 ఇచ్చే గుర్తింపు కోడ్) వెతకండి. జీటీఎం వాడే స్టోర్‌లో ఆ ఐడీ పేజీలో నేరుగా కనబడకూడదు, జీటీఎం కంటైనర్ (ట్యాగ్‌ల మూట) లోపల ఉండాలి. నేరుగా కనబడితే దాని పక్కన ఏ ప్లగిన్ పేరుతో కామెంట్ ఉందో చూసి, ఆ ప్లగిన్‌లో ఈకామర్స్ ట్రాకింగ్ ఆపేయండి. రెండూ ఉంచి ఐడీలు ఒకేలా చేద్దామనుకోవద్దు. ఎవరు ముందు చేరితే వాళ్ల వివరాలే నిలుస్తాయి. ఒకదాంట్లో ఐటెమ్ కేటగిరీలు ఉండి రెండోదాంట్లో లేకపోతే రిపోర్టు రోజుకో రకంగా ఉంటుంది.

నెట్‌వర్క్ ట్యాబ్‌లో చూసేటప్పుడు ఒక మెలిక ఉంది. జీఏ4 కొన్నిసార్లు రెండు మూడు ఈవెంట్లను కట్టగట్టి ఒకే రిక్వెస్ట్‌లో పంపుతుంది. అప్పుడు పర్చేజ్ అన్న మాట యూఆర్ఎల్‌లో ఉండదు, పేలోడ్ బాడీలో ఒక వరుసగా ఉంటుంది. యూఆర్ఎల్ చూసి "పోలేదు" అని తేల్చేయకండి.

#7 కొత్తబడి

మధ్యలో ఒక ప్రశ్న. ట్రాన్సాక్షన్ ఐడీ లేకుండా పంపితే డబుల్ గొడవే ఉండదు కదా?

#8 కుకీడబ్బా

కొత్తబడి గారూ, అంతకన్నా చెడుతుంది. ఐడీ స్థానంలో ఖాళీ స్ట్రింగ్ పంపితే ఖాళీ ఐడీ ఉన్న కొనుగోళ్లన్నీ ఒకదానికొకటి నకలనుకుని జీఏ4 కలిపేస్తుంది. అసలు పంపకపోతే పేజీ రిఫ్రెష్ చేసినప్పుడల్లా కొత్త కొనుగోలు. ఆర్డర్‌కి ఒకే ఐడీ, ఎప్పుడూ అదే రూపంలో, ఖాళీ లేకుండా. దీనికి అడ్డదారి లేదు.

ఇంకోటి: ఈ వడపోత ఒకే యూజర్ వరకే. కస్టమర్ ఫోన్‌లో కొని, ఈమెయిల్‌లో వచ్చిన ఆర్డర్ లింక్‌ను కంప్యూటర్‌లో తెరిస్తే, ఆ లింక్ మళ్లీ థ్యాంక్యూ పేజీకే వెళ్తే, అది వేరే కుకీ, వేరే యూజర్, రెండో కొనుగోలు. అందుకని సర్వర్ వైపే "ఈ ఆర్డర్‌కి ఈవెంట్ ఇచ్చేశాం" అని ఆర్డర్ మెటాలో (ఆర్డర్‌తో పాటు దాచే అదనపు వివరాల్లో) గుర్తు పెట్టుకుని రెండోసారి డేటాలేయర్ ముక్కను ప్రింట్ చేయకుండా ఆపాలి.

#9 ట్యాగుతీగ

ఆ గుర్తు పద్ధతిలోనూ ఒక గొయ్యి ఉంది. పీహెచ్‌పీ (సర్వర్ వైపు కోడ్) పేజీని తయారుచేసిన క్షణంలో గుర్తు పడుతుంది. బ్రౌజర్‌లో ఈవెంట్ వెళ్లిందా లేదా దానికి తెలియదు. పేజీ సగం లోడై ఆగి, కస్టమర్ రిఫ్రెష్ చేస్తే రెండోసారి ముక్కే ఉండదు, ఆర్డర్ పోయినట్టే. కాబట్టి గుర్తును బ్రౌజర్ లోకల్ స్టోరేజ్‌లో కూడా పెట్టి, సర్వర్ గుర్తుకు కొన్ని నిమిషాల సడలింపు ఇవ్వండి. ఒకే బ్రౌజర్‌లో రిఫ్రెష్‌లను ఎలాగూ జీఏ4 చూసుకుంటుంది.

#10 రాత్రిడెవలపర్

ఇప్పుడు అసలు సంగతి, పోయిన ఆర్డర్లు. ప్రివ్యూలో బాగుండి బయట పోతున్నాయంటే నా అనుమానం మొదట స్పీడ్ ప్లగిన్ మీదికి వెళ్తుంది. "జావాస్క్రిప్ట్ ఆలస్యం" అనే సెట్టింగ్ ఉంటుంది: మౌస్ కదిలేదాకా, వేలు తగిలేదాకా, స్క్రోల్ చేసేదాకా స్క్రిప్టులేవీ నడవవు. స్పీడ్ టెస్ట్ స్కోరు అమాంతం పెరుగుతుంది. థ్యాంక్యూ పేజీలో మాత్రం కస్టమర్ "ఆర్డర్ అందింది" అన్న ఒక్క ముక్క చదివి, ఏదీ ముట్టుకోకుండా ట్యాబ్ మూసేస్తాడు. జీటీఎం నిద్ర లేవనే లేవదు.

మీరు పరీక్షించేటప్పుడు మౌస్ కదుపుతారు, ట్యాగ్ అసిస్టెంట్ (ప్రివ్యూ చూపించే) విండోకీ పేజీకీ మధ్య మారతారు. అందుకే మీకెప్పుడూ ఫైర్ అవుతుంది.

పరీక్ష: అజ్ఞాత విండోలో, ప్రివ్యూ లేకుండా, నెట్‌వర్క్ ట్యాబ్ ముందే తెరిచి "ప్రిజర్వ్ లాగ్" టిక్ పెట్టి, ఆర్డర్ వేయండి. థ్యాంక్యూ పేజీ రాగానే చేతులు వెనక్కి తీసేయండి. పది సెకన్లు ఏమీ తాకకండి. కలెక్ట్ రిక్వెస్ట్ రాకపోతే దొరికినట్టే.

మినహాయింపు ఇచ్చేటప్పుడు జీటీఎం లోడర్ స్క్రిప్ట్‌నీ, డేటాలేయర్ పుష్ ఉన్న ఇన్‌లైన్ స్క్రిప్ట్‌నీ రెంటినీ ఇవ్వాలి. ఒకదానికే ఇస్తే కంటైనర్ లేస్తుంది, చేతికి డేటా ఉండదు. ఆర్డర్ రిసీవ్డ్ పేజీని మొత్తంగా ఆప్టిమైజేషన్ నుంచి తప్పించడం ఇంకా తేలిక. దాని స్పీడ్ స్కోరుతో ఎవరికీ పనిలేదు. ఆ పేజీ కాష్‌లో (అందరికీ చూపడానికి దాచిన కాపీల్లో) కూడా ఉండకూడదు. కాష్ అయితే ఒకరి ఆర్డర్ ఐడీ ఇంకొకరికి వెళ్తుంది, అది ట్రాకింగ్‌ను మించిన తలనొప్పి.

#11 అంకెలగోల

చేతులు కట్టుకుని కూర్చుంటే నిజంగానే ఏమీ వెళ్లలేదు. స్క్రోల్ చేయగానే వరదలా వచ్చాయి. ఆలస్యం సెట్టింగ్ నుంచి ఆ పేజీని తప్పించాను, ఇప్పుడు వెంటనే వెళ్తోంది. ప్లగిన్ ట్రాకింగ్ ఆపేశాను, వాల్యూ ఫ్లోట్ అయింది.

వాలెట్ యాప్ ఆర్డర్లు మాత్రం ఇంకా పోతున్నాయి. వాటిలో ఒకదాన్ని పట్టుకుని చూస్తే థ్యాంక్యూ పేజీ లోడైంది, జీటీఎం ఉంది, డేటాలేయర్‌లో పర్చేజ్ మాత్రం లేదు.

#12 గేట్‌వేగోపి

టెంప్లేట్‌లో పర్చేజ్ ముక్క చుట్టూ "ఆర్డర్ పెయిడ్ అయితేనే" అన్న షరతు ఉందేమో చూడండి. ఉండే ఉంటుంది. బయటి గేట్‌వేలో రెండు సంఘటనలు వేర్వేరుగా నడుస్తాయి: కస్టమర్ బ్రౌజర్ తిరిగి రావడం ఒకటి, గేట్‌వే సర్వర్ నుంచి మీ సర్వర్‌కి వెబ్‌హుక్ (డబ్బు అందిందన్న కబురు) రావడం ఇంకొకటి. కార్డ్‌కి చాలాసార్లు వెబ్‌హుక్ ముందొస్తుంది. యాప్ చెల్లింపుల్లో బ్రౌజర్ ముందొచ్చేస్తుంది. అప్పటికి ఆర్డర్ ఇంకా పెండింగ్‌లోనే ఉంటుంది, షరతు తప్పు అవుతుంది, ముక్క ప్రింట్ కాదు. రెండు సెకన్లకి ఆర్డర్ ప్రాసెసింగ్‌లోకి మారుతుంది గానీ పేజీ అప్పటికే తయారైపోయింది.

షరతును తిరగేసి రాయండి: ఫెయిల్డ్, క్యాన్సిల్డ్ అయితే పంపొద్దు, మిగతాదంతా పంపు. పెండింగ్‌లో మిగిలిపోయి చివరికి డబ్బు రానివి కొన్ని జీఏ4లో చేరతాయి, వాటికి తర్వాత రిఫండ్ ఈవెంట్ పంపి సరిచేసుకోవచ్చు. అది ఇష్టం లేకపోతే పెండింగ్ పేజీలో చిన్న పోలింగ్ (స్థితిని మళ్లీ మళ్లీ అడిగే కోడ్) పెట్టి, స్థితి మారగానే పుష్ చేయండి.

ఇవి కాక, యాప్‌లో డబ్బు కట్టి అక్కడే ఆగిపోయేవాళ్లు ఉంటారు. బ్రౌజర్‌కి తిరిగి రారు. వాళ్ల ఆర్డర్లను బ్రౌజర్ ట్యాగ్ ఎంత గొప్పగా రాసినా పట్టలేదు.

#13 సరిగమలెక్క

గేట్‌వే డొమైన్ సోర్స్‌గా రావడానికి కారణం తెలిసిందే కదా, తిరిగి రాగానే కొత్త సెషన్ మొదలవుతుంది. జీఏ4 అన్‌వాంటెడ్ రిఫరల్స్‌లో (సోర్స్‌గా లెక్కించకూడని డొమైన్ల జాబితా) పెడితే పోతుంది.

#14 ట్యాగుతీగ

సరిగమలెక్క గారూ, మందు సరైనదే, కారణం కాదు. మధ్యలో రిఫరర్ (ఏ సైట్ నుంచి వచ్చారో అది) మారితే కొత్త సెషన్ మొదలవడం జీఏ4కి ముందున్న యూనివర్సల్ అనలిటిక్స్ పద్ధతి. సాధారణ ప్రాపర్టీలకు అది 2023 జూలై 1 నుంచి డేటా తీసుకోవడం ఆపేసింది. జీఏ4లో సోర్స్ మారినంత మాత్రాన సెషన్ తెగదు. సెషన్ సోర్స్ చూస్తే మొదటిదే ఉంటుంది. కానీ కీ ఈవెంట్ (ఇక్కడ కొనుగోలు) ఎవరి ఖాతాలో పడాలన్న అట్రిబ్యూషన్ లెక్కలో ఆ గేట్‌వే రిఫరల్ ఒక అడుగుగా చేరి ఘనత కొట్టేస్తుంది. అందుకే రెండు రిపోర్టులు రెండు మాటలు చెబుతున్నట్టుంటాయి.

సెషన్ నిజంగా తెగే సందర్భాలు వేరే. 30 నిమిషాల నిష్క్రియత దాటితే తెగుతుంది; ఈ గడువును ట్యాగ్ సెట్టింగ్స్‌లో 7 గంటల 55 నిమిషాల దాకా పెంచుకోవచ్చు. సోషల్ యాప్ లోపలి బ్రౌజర్‌లో మొదలుపెట్టి, వాలెట్ యాప్ నుంచి ఫోన్ డీఫాల్ట్ బ్రౌజర్‌లోకి వచ్చి పడితే కుకీలే వేరు కాబట్టి కొత్త యూజరే అవుతాడు. ఈ రెండోదానికి రిఫరల్ జాబితా ఏమీ చేయలేదు.

దారి: అడ్మిన్, డేటా స్ట్రీమ్స్, మీ వెబ్ స్ట్రీమ్, కాన్ఫిగర్ ట్యాగ్ సెట్టింగ్స్, షో ఆల్, లిస్ట్ అన్‌వాంటెడ్ రిఫరల్స్. "రిఫరల్ డొమైన్ కంటెయిన్స్" ఎంచుకుని గేట్‌వే మూల డొమైన్ ఇవ్వండి, సబ్‌డొమైన్లు అన్నీ అందులోకి వస్తాయి. ఒక స్ట్రీమ్‌కి 50 దాకా పెట్టుకోవచ్చు. బ్యాంకు ధృవీకరణ పేజీల డొమైన్లు కూడా రిఫరల్ రిపోర్టులో కనబడితే చేర్చండి. ఇది పెట్టిన రోజు నుంచే పనిచేస్తుంది, పాత డేటా మారదు.

చెక్‌అవుట్ మీదే ఇంకో డొమైన్‌లో ఉంటే మాత్రం అది రిఫరల్ సమస్య కాదు, క్రాస్ డొమైన్ సమస్య. కాన్ఫిగర్ యువర్ డొమైన్స్‌లో రెండూ చేర్చి, లింక్ నొక్కినప్పుడు అడ్రస్ చివర "_జీఎల్" పారామీటర్ చేరుతోందో లేదో చూసుకోవాలి. సర్వర్ దారి మళ్లింపులో అది రాలిపోవడం మామూలే.

#15 కొత్తబడి

జీటీఎంలో ట్రిగర్ ఎలా ఉండాలి? థ్యాంక్యూ యూఆర్ఎల్ మీద పేజ్‌వ్యూ పెడితే కొన్నిసార్లు విలువలన్నీ అన్‌డిఫైన్డ్ వస్తున్నాయి.

#16 రాత్రిడెవలపర్

పేజ్‌వ్యూ ట్రిగర్ కంటైనర్ లోడవగానే పేలుతుంది. డేటాలేయర్ పుష్ పేజీలో దానికన్నా కింద ఉంటే అప్పటికి డేటా ఉండదు. కస్టమ్ ఈవెంట్ ట్రిగర్ పెట్టి, పేరు పర్చేజ్ అని పుష్‌లో ఉన్నట్టే ఇవ్వండి. పెద్దక్షరం చిన్నక్షరం తేడా లెక్కే. అన్నీ చిన్నవే వాడాలి. జీఏ4 ఈవెంట్ ట్యాగ్‌లో "సెండ్ ఈకామర్స్ డేటా" టిక్ పెట్టి మూలంగా డేటాలేయర్ ఎంచుకోండి. ఇది మరిచిపోతే ఈవెంట్ వెళ్తుంది, ఐటెమ్‌లు వెళ్లవు.

ప్రతి ఈకామర్స్ పుష్‌కి ముందు ఈకామర్స్ ఆబ్జెక్ట్‌ను నల్ (ఖాళీ) చేస్తూ ఒక పుష్ ఉండాలి. లేకపోతే పేజీ మారకుండా నడిచే స్టోర్లలో, ముందు చూసిన ఐటెమ్‌ల వివరాలు పర్చేజ్‌లోకి అంటుకుపోతాయి.

ఐటెమ్‌కి ఐడీ గానీ పేరు గానీ ఒకటి తప్పనిసరి. ఒక ఈవెంట్‌లో 200 ఐటెమ్‌ల వరకే.

#17 సరిగమలెక్క

వాల్యూలో పన్ను, షిప్పింగ్ కలపాలా వద్దా? ఫైనాన్స్ వాళ్లు మొత్తం ఇన్‌వాయిస్‌తో సరిపోవాలంటారు.

#18 కుకీడబ్బా

గూగుల్ పత్రాల ప్రకారం వాల్యూ అంటే ఐటెమ్‌ల ధరను సంఖ్యతో గుణించి కూడినది. పన్ను, షిప్పింగ్ విడి పారామీటర్లు. తగ్గింపు ఉంటే ఐటెమ్ ధరగా తగ్గించిన ఒక్కో యూనిట్ ధర ఇచ్చి, తగ్గింపును డిస్కౌంట్ పారామీటర్‌లో ఒక్కో యూనిట్‌కి ఎంతో ఇవ్వాలి. కార్ట్ మొత్తానికి వర్తించే కూపన్‌ను ఐటెమ్‌ల మధ్య పంచకపోతే ఐటెమ్ రెవెన్యూ, పర్చేజ్ రెవెన్యూ ఎన్నటికీ కలవవు.

#19 గేట్‌వేగోపి

నేను ఒప్పుకోను, పూర్తిగా. ఇన్‌వాయిస్‌తో పోల్చే వాళ్లున్న చోట ప్రతి నెలా "ఇది పన్ను లేకుండా" అని వివరిస్తూ కూర్చోవాలి. మొత్తం పెట్టి, అలా పెట్టామని రాసిపెట్టుకుంటే తప్పేముంది?

#20 కుకీడబ్బా

తప్పని అనను గానీ, ఆ అంకె ఫైనాన్స్ దగ్గర ఆగదు గోపి గారూ. అదే వాల్యూ గూగుల్ యాడ్స్ బిడ్డింగ్‌కీ వెళ్తుంది. షిప్పింగ్ ఎక్కువ పడే దూరపు ఆర్డర్లను లాభమైనవనుకుని అటువైపు ఖర్చు పెడుతుంది. ఫైనాన్స్ కోసం పన్ను, షిప్పింగ్ పారామీటర్లు పంపి, రిపోర్టులో కూడుకోవడం నయం. ఏది ఎంచుకున్నా మధ్యలో మార్చకండి. మారిస్తే ఆ తేదీకి జీఏ4లో అనొటేషన్ (గమనిక) పెట్టండి.

#21 అంకెలగోల

షరతు తిరగేశాక వాలెట్ ఆర్డర్లు చాలావరకు వస్తున్నాయి. ఇంకా కొద్దిగా పోతున్నాయి. వాటిలో చాలామటుకు యూజర్ తిరిగి రానివి, మిగతావి కుకీ అనుమతి ఇవ్వనివి అనుకుంటున్నాను. అనుమతి వైపు ఎలా నిర్ధారించుకోవాలి?

#22 ట్యాగుతీగ

కలెక్ట్ రిక్వెస్ట్‌లో జీసీఎస్ అనే పారామీటర్ చూడండి. విలువ జీ111 అంటే యాడ్ స్టోరేజ్, అనలిటిక్స్ స్టోరేజ్ రెండూ అనుమతించినట్టు. జీ100 అంటే రెండూ నిరాకరించినట్టు. బేసిక్ కన్సెంట్ మోడ్‌లో (అనుమతి లేనిదే ట్యాగ్‌లు నడవని ఏర్పాటు) నిరాకరిస్తే రిక్వెస్టే ఉండదు. అడ్వాన్స్‌డ్‌లో కుకీ లేని పింగ్ వెళ్తుంది, అది మోడలింగ్‌కి (అంచనా లెక్కలకి) పనికొస్తుంది గానీ రిపోర్టులో ఆ ఆర్డర్ ఐడీగా కనబడదు.

అనుమతి ఇచ్చినా జీ100 వస్తుంటే అది లోపమే. సాధారణంగా బ్యానర్ ప్లగిన్ గుర్తుపెట్టుకున్న అనుమతిని తర్వాతి పేజీలో ఆలస్యంగా చెబుతుంది, ఈలోగా పర్చేజ్ వెళ్లిపోతుంది. డీఫాల్ట్ కన్సెంట్‌లో "వెయిట్ ఫర్ అప్‌డేట్" విలువ పెట్టండి, లేదా పర్చేజ్ ట్రిగర్‌ను అప్‌డేట్ వచ్చాకే పేలేలా కట్టండి. మీ స్పీడ్ ప్లగిన్ బ్యానర్ స్క్రిప్ట్‌ను కూడా ఆలస్యం చేస్తోందేమో చూసుకోండి.

నిజంగా నిరాకరించిన వాళ్లను ఎలాగోలా లెక్కలోకి లాగాలని చూడొద్దు. ఆ ఖాళీ ఉండాల్సిందే. స్టోర్ డేటాబేస్ లెక్కే ఆదాయం, జీఏ4 ఎటునుంచి వచ్చారో చెప్పే సాధనం.

#23 రాత్రిడెవలపర్

తిరిగి రాని వాళ్ల కోసం మెజర్‌మెంట్ ప్రోటోకాల్ ఉంది. పేమెంట్ పూర్తయిందన్న వెబ్‌హుక్ రాగానే సర్వర్ నుంచే పర్చేజ్ పంపొచ్చు. కాకపోతే ఇది చాలామంది ఊరికే పెట్టేసి తర్వాత ఏడ్చే చోటు, కాబట్టి వివరంగా:

క్లయింట్ ఐడీని (బ్రౌజర్ గుర్తింపు), సెషన్ ఐడీని (ఆ సందర్శన గుర్తింపు) చెక్‌అవుట్‌లోనే బ్రౌజర్ నుంచి తీసి ఆర్డర్ మెటాలో దాచాలి. ఇవి లేకుండా, లేదా సర్వర్‌లో యాదృచ్ఛికంగా పుట్టించిన ఐడీతో పంపితే కొనుగోలు చేరుతుంది, సోర్స్ మాత్రం అనాథ. కుకీని చేత్తో చీల్చి సెషన్ ఐడీ తీసే కోడ్ వాడకండి. ఆ కుకీ రూపం 2025లో జీఎస్1 నుంచి జీఎస్2కి మారింది, చుక్కల దగ్గర విడగొట్టే పాత కోడ్లన్నీ చెత్త విలువలు ఇవ్వడం మొదలుపెట్టాయి. జీట్యాగ్ (గూగుల్ ట్యాగ్ కోడ్) "గెట్" కమాండ్‌తో అడగండి, కాల్‌బ్యాక్‌లో సరైన విలువే వస్తుంది.

మెజర్‌మెంట్ ప్రోటోకాల్ రిక్వెస్టులు అందుకునే చిరునామా ఎప్పుడూ విజయమనే కోడే ఇస్తుంది. పేలోడ్ తప్పైనా, సీక్రెట్ (పంపడానికి వాడే రహస్య కీ) తప్పైనా ఎర్రర్ రాదు. అదే నిర్మాణాన్ని ముందు వ్యాలిడేషన్ చిరునామాకి పంపి తప్పులు చూసుకోండి. అక్కడికి పంపినవి రిపోర్టుల్లో చేరవు.

ఆలస్యమైన ఆర్డర్లకు టైమ్‌స్టాంప్‌ను మైక్రోసెకన్లలో ఇచ్చి 72 గంటల వెనక్కి దాకా పంపొచ్చు. మిల్లీసెకన్లలో ఇచ్చి తల పట్టుకునేవాళ్లు ఎక్కువ.

బ్రౌజర్ నుంచీ సర్వర్ నుంచీ రెండూ పంపొద్దు. తప్పదంటే ఒకే ట్రాన్సాక్షన్ ఐడీ, ఒకే క్లయింట్ ఐడీ ఉండాలి. అనుమతి నిరాకరించిన ఆర్డర్‌ను సర్వర్ దారిలో దొడ్డిదోవన పంపకండి. అనుమతి స్థితిని కూడా ఆర్డర్ మెటాలో దాచి, దాన్ని చూసే పంపాలి.

#24 సరిగమలెక్క

మెటా పిక్సెల్‌కి (ఫేస్‌బుక్ ప్రకటనల ట్రాకింగ్ కోడ్) మాత్రం రెండు దారులూ ఉండమనే చెబుతారు. అక్కడ ఈవెంట్ పేరు, ఈవెంట్ ఐడీ రెండూ ఒకటైతే 48 గంటల లోపు వచ్చిన నకలును కలిపేస్తారు. ఆర్డర్ నంబర్‌నే ఈవెంట్ ఐడీగా వాడుకోవచ్చు. జీఏ4 అలవాట్లు అక్కడికీ, అక్కడివి ఇక్కడికీ మోయకండి.

#25 కొత్తబడి

నాకో వింత: డీబగ్‌వ్యూలో (పరీక్ష ఈవెంట్లు కనిపించే జీఏ4 తెర) పర్చేజ్ వస్తోంది, రిపోర్టుల్లో అసలు ఒక్కటీ లేదు. మూడు రోజులు దాటింది.

#26 కుకీడబ్బా

డీబగ్ మోడ్ పారామీటర్‌ను లైవ్ ట్యాగ్‌లో వదిలేసి ఉంటారు, డేటా ఫిల్టర్స్‌లో డెవలపర్ ట్రాఫిక్ ఫిల్టర్ యాక్టివ్‌లో ఉంటుంది. రెండూ కలిస్తే ప్రతి కస్టమరూ డెవలపర్ కిందికే వస్తాడు. ఆ పారామీటర్‌కు ఫాల్స్ ఇస్తే సరిపోదు, ఫాల్స్ ఇచ్చినా డీబగ్ కిందే లెక్క. వరుస మొత్తం తీసేయాలి. ఫిల్టర్ తీసేసిన డేటా తిరిగి రాదు, కాబట్టి ఇది ఈ పూటే చేయండి.

#27 అంకెలగోల

షాపిఫైలో ఇంకో స్టోర్ ఉంది, దానికీ ఇదే పద్ధతా?

#28 ట్యాగుతీగ

జత కలిపే పద్ధతి అదే, పైపులు వేరు. అక్కడ కస్టమర్ ఈవెంట్స్‌లో కస్టమ్ పిక్సెల్ పెట్టి "చెక్‌అవుట్ కంప్లీటెడ్" ఈవెంట్‌కి సబ్‌స్క్రైబ్ అవ్వాలి. అది చెక్‌అవుట్‌కి ఒక్కసారే వస్తుంది. మామూలుగా థ్యాంక్యూ పేజీలో, కొనుగోలు తర్వాతి అప్‌సెల్ (ఇంకో వస్తువు కొనమని చూపే) పేజీ ఉంటే మొదటి అప్‌సెల్ పేజీలో. కాబట్టి అప్‌సెల్‌లో చేర్చిన వస్తువు ఆ వాల్యూలో ఉండదు. పిక్సెల్ శాండ్‌బాక్స్ ఐఫ్రేమ్‌లో (అసలు పేజీ నుంచి వేరుచేసిన చట్రం) నడుస్తుంది, అందులో జీటీఎం పెడితే ప్రివ్యూ సరిగ్గా అంటుకోదు, పేజీ చిరునామా కూడా శాండ్‌బాక్స్‌దే వస్తుంది. ఈవెంట్ కాంటెక్స్ట్‌లోంచి అసలు చిరునామా తీసి పేజ్ లొకేషన్‌గా ఇవ్వండి. గూగుల్ యాప్ కూడా పెట్టుకుని ఉంటే పర్చేజ్ రెండు దారుల్లో వెళ్తుంది, పైన #6లో చెప్పిందే వర్తిస్తుంది.

#29 గేట్‌వేగోపి

రిఫండ్ సంగతి అన్నాను కదా, పూర్తి చేస్తాను. పూర్తి రిఫండ్‌కి రిఫండ్ ఈవెంట్‌లో అదే ట్రాన్సాక్షన్ ఐడీ, కరెన్సీ, వాల్యూ. కొంత మాత్రమే అయితే వెనక్కి ఇచ్చిన ఐటెమ్‌ల జాబితా, వాటి సంఖ్య కూడా ఇవ్వాలి. ఇవ్వకపోతే మొత్తం ఆదాయం తగ్గుతుంది గానీ ఏ వస్తువు వెనక్కి వచ్చిందో ఐటెమ్ రిపోర్టులో కనబడదు. పర్చేజ్ "1047" అని పంపి రిఫండ్ "#1047" అని పంపితే రెండూ ఎప్పటికీ కలవవు. వూకామర్స్‌లో రిఫండ్‌కి దాని సొంత ఐడీ విడిగా ఉంటుంది, పొరపాటున అది పంపకండి. మాతృ ఆర్డర్ నంబర్ తీసుకోండి.

#30 అంకెలగోల

ఇప్పుడున్న స్థితి: డబుల్స్ లేవు, సున్నాలు లేవు. జతపడని ఆర్డర్లను బిగ్‌క్వెరీ (గూగుల్ డేటాబేస్ సేవ) ఎగుమతితో కూడా సరిచూద్దామనుకుంటున్నాను. ఏమైనా జాగ్రత్తలు?

#31 ట్యాగుతీగ

బిగ్‌క్వెరీలో ముడి ఈవెంట్లు ఉంటాయి, రిపోర్టుల్లో జరిగే డూప్లికేట్ వడపోత అక్కడ జరగదు. ట్రాన్సాక్షన్ ఐడీ వారీగా గ్రూప్ చేసి, ఒకటి కన్నా ఎక్కువ వచ్చినవి ముందు చూడండి. ఐడీ రాని కొనుగోళ్లు "నాట్ సెట్" అన్న మాటతో ఉంటాయి, వాటిని విడిగా తీయండి. యూజర్ సూడో ఐడీ (బ్రౌజర్ గుర్తింపు) నల్ ఉన్న పర్చేజ్‌లు అనుమతి నిరాకరించిన పింగ్‌లు. మీ ప్రశ్నకి సూటి జవాబు వాటిలోనే ఉంది, ఆర్డర్ నంబర్‌తో సహా. ఎగుమతి లింక్ చేసిన రోజు నుంచే వస్తుంది, వెనకటిది రాదు. ఉచిత ప్రాపర్టీలో రోజువారీ ఎగుమతికి 10 లక్షల ఈవెంట్ల పరిమితి ఉంది. దాటుతుంటే స్క్రోల్ లాంటి పనికిరాని ఈవెంట్లను ఎగుమతి నుంచి మినహాయించండి, పర్చేజ్‌కి చోటుంటుంది.